మా అక్క బీరువాలో ఆకుపచ్చ జాకెట్ ముక్క

ఇళ్ళు సర్దిపెట్టడమే బతుకుతెరువుగా చేసుకున్న ఒకావిడ మా తెనాలి పక్కన అంగలకుదురులో ఉంటుంది. పుట్టింది చీరాల దగ్గర, మగ్గాల ఇంట్లో. పెళ్ళయ్యాక తెనాలిలో ఒక బట్టల షాపులో చాలా ఏళ్ళు చీరలు మడతపెట్టింది. కొనేవాళ్ళు లాగి కుప్పపోసి వెళ్ళిపోతే, ఆ కుప్పనంతా మళ్ళీ అరల్లోకి ఎక్కించడం ఆవిడ పని. షాపు మూతపడ్డాక ఆ చేతులతోనే ఇళ్ళలోకి వచ్చింది. వంటిల్లు, బీరువా, అటక, ఏదైనా సరే, ఫోన్ చేస్తే వస్తుంది. వచ్చేటప్పుడు నాలుగు పాత దుప్పట్లు తెచ్చి హాల్లో పరుస్తుంది. ఒకటి ఉంచేవాటికి, ఒకటి ఇచ్చేసేవాటికి, ఒకటి బాగుచేయించేవాటికి, ఇంకొకటి పారేసేవాటికి.

ఆవిడకి ఒక నియమం ఉంది. ఏ వస్తువునూ తన చేత్తో దుప్పట్లో వేయదు. ఇంటివాళ్ళు ఎంత బతిమాలినా వేయదు.

"వస్తువు మీది, చెయ్యి మీది. దుప్పటి ఒక్కటే నాదండి" అంటుంది.

రెండేళ్ళ కిందట మా ఆవిడ మా వంటిల్లు సర్దించడానికి ఆవిడని పిలిచింది. మన గిన్నెలు మనం సర్దుకోలేమా అని నేను మొదట వెక్కిరించాను. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని చూశాను. అటక మీద నుంచి స్టీలు గిన్నెలు దిగుతున్నాయి. ఒక్కొక్క దాని మీదా ఎవరిదో ఒక గృహప్రవేశం, ఎవరిదో ఒక షష్టిపూర్తి చెక్కి ఉంది. ఎవరి పేరో ఉంది కాబట్టి ఇంకొకళ్ళకి ఇవ్వలేం. ఎవరో ఇచ్చారు కాబట్టి పారేయలేం. వాడదామంటే మూత సరిపోదు. ఆవిడ ఒక్కొక్క గిన్నే మా ఆవిడ చేతికిచ్చి ఒకటే ప్రశ్న అడిగింది.

"దీన్ని ఆఖరుసారి ఎప్పుడు వాడారండి?"

నాకు ఒళ్ళు పులకరించింది. ముహూర్తాల్నీ వాస్తునీ దేవుళ్ళనీ నేను వేదికలెక్కి నలభై ఏళ్ళుగా అడుగుతున్న ప్రశ్న ఇదే కదా! నీవల్ల ఎవరికి ఏం ఒరిగింది? చివరిసారి ఎప్పుడు ఒరిగింది? జవాబు లేకపోతే దిగు. ఇంత సూటిగా వాదించే మనిషి నాకు సభల్లో కూడా తారసపడలేదు.

ఆ తర్వాత ఆవిడ ఎవరింటికి వెళ్ళినా వచ్చి నాకు చెప్పేది. నేను అడిగి మరీ చెప్పించుకునేవాడిని. జనం ఆవిడని ఎందుకు పిలుస్తారో నాకు అలా తెలిసింది. పెళ్ళివారు ఇల్లు చూడటానికి వస్తున్నారని కొందరు పిలుస్తారు. వాళ్ళకి సర్దడం అక్కర్లేదు, దాచిపెడితే చాలు. తల్లి పోయాక బీరువా తలుపు తియ్యడానికి అన్నదమ్ములు ఒకరినొకరు నమ్మక, ఇద్దరి తరఫునా పరాయి మనిషి ఉండాలని కొందరు పిలుస్తారు. అత్తగారి సామాను తీసెయ్యమని చెప్పడానికి నోరు రాని కోడళ్ళు, ఆ మాట ఆవిడ నోట చెప్పించాలని పిలుస్తారు. ఆవిడ చెప్పదనుకోండి. మొత్తం మీద నాకు అర్థమైంది ఇది: ఇంట్లోవాళ్ళు చేస్తే దౌర్జన్యం అనిపించుకునే పనిని పరాయి మనిషి చేస్తే సర్దడం అంటారు. మనవాళ్ళకి వస్తువుల మీద ప్రేమేం లేదు. వాటిని వదిలించుకున్న పాపం తమ మీద పడకుండా ఉండాలి, అంతే. ఈ సంగతి మీద ఒక వ్యాసం కూడా రాశాను. మనవాళ్ళు చెత్తకి కూడా బొట్టు పెట్టి దాచుకుంటారని రాశాను. చదివినవాళ్ళు బాగా నవ్వారు.

మా అక్క మాత్రం నవ్వలేదు. ఆవిడ ఆ వ్యాసం చదివి ఫోన్ చేసింది.

"ఎవర్ని గురించి రాశావురా, నా గురించేనా?"

"అందరి గురించీ అక్కా."

"అందరికీ మంచం మీద మూటలుండవులే" అంది.

అక్క రేపల్లెలో ఉంటుంది. నాకంటే ఏడేళ్ళు పెద్ద. నలభై నిండకుండానే బావ పోయాడు. పిల్లల్లేరు. బావ కట్టిన రెండు గదుల ఇల్లు ఉంది, దాని ముందు అరుగుంది. ఆ ఇంట్లో ఏ వస్తువైనా లోపలికి రావడమే గాని బయటికి పోవడం ఉండదు. పాత పేపర్లు, పగిలిన బకెట్లు, స్వీటు డబ్బాలు, బావ గొడుగులు, మందుల సీసాలు, కొబ్బరి పీచు. రెండు గదులూ నిండిపోయి మంచం మీదకీ ఎక్కాయి. అక్క వరండాలో చాప వేసుకుని పడుకోవడం మొదలుపెట్టింది. పోయిన ఎండాకాలంలో ఒకరోజు మూటల మధ్యలోంచి వంటింట్లోకి వెళ్ళబోయి కాలు జారి పడింది. ఎముక విరగలేదు. మోకాలు వాచింది.

నేను వెళ్ళి చూసి తీర్పు చెప్పేశాను. వానలు మొదలయ్యేలోపల ఇల్లు ఖాళీ చెయ్యాలి. లేదా ఇంటికి తాళం వేసి తెనాలి వచ్చి మా ఇంట్లో ఉండాలి. మూడో దారి లేదు.

"మీ ఇంటికి రాను" అంది అక్క.

"ఏం? మా ఇంట్లో ఏం తక్కువైంది?"

"ఏం తక్కువ కాలేదు. రాను."

"అయితే ఇల్లు సర్దించు. మనిషిని నేను తెస్తాను."

అక్క మోకాలికి నూనె రాసుకుంటూ నవ్వింది. "మీ బావ పోయినప్పుడు నాన్న ఏమన్నాడో తెలుసుగా? సర్దుకుపోవాలమ్మా అన్నాడు. సర్దుకుపోయాను. అత్తగారింట్లో సర్దుకుపోయాను, పుట్టింట్లో సర్దుకుపోయాను. ఇప్పుడు నన్ను సర్దడానికి మనిషిని కూడా తెస్తావేంట్రా?"

ఆ మాట నాకు బాగా నచ్చింది. ఎప్పుడైనా రాసుకోవచ్చని ఇంటికెళ్ళి కాగితం మీద పెట్టుకున్నాను. మాట పట్టుకున్నాను గాని మనిషిని వినలేదు.

చివరికి అక్క ఒప్పుకుంది. ఒక్క షరతు పెట్టింది. తను దగ్గరుండి ప్రతి వస్తువూ తన చేత్తో తీస్తానంది. సరేనన్నాను. అప్పటికే అది జరిగే పని కాదని నిర్ణయించుకున్నాను. ఒక్కో స్వీటు డబ్బా మీద ఒక గంట కథ చెబుతుంది, ఎవరు తెచ్చారు, ఎందుకు తెచ్చారు అని. ఆ లెక్కన వానాకాలం వచ్చి వెళ్ళిపోతుంది. అందుకని బాపట్లలో మా పిన్ని కూతురికి ఒంట్లో బాగాలేదని, నిన్ను చూడాలంటోందని అబద్ధం చెప్పి, కర్లపాలెం మీదుగా వెళ్ళే బస్సు ఎక్కించాను. రెండు రోజులు ఉండి రమ్మన్నాను. సత్యం కోసం జీవితమంతా పోట్లాడానని చెప్పుకునే మనిషిని. బస్సు కదిలేదాకా చెయ్యి ఊపాను.

మర్నాడు ప్యాసింజర్‌లో సర్దే ఆవిడని రేపల్లె తీసుకొచ్చాను. ఆవిడ వరండాలో దుప్పట్లు పరిచి లోపలికి చూసింది.

"పెద్దమ్మగారు ఏరండి?"

"ఊరెళ్ళింది. రెండు రోజుల్లో వస్తుంది."

"అయితే రెండు రోజులయ్యాకే మొదలుపెడదాం బాబాయిగారూ."

"అక్కే నాకు అప్పగించి వెళ్ళింది. తోడబుట్టినవాణ్ణి. ఆవిడ చెయ్యి వేరూ నా చెయ్యి వేరా?"

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసింది. నేను పెద్ద గొంతుతో మాట్లాడే మనిషిని. నలభై ఏళ్ళ అలవాటు. ఎదుటివాళ్ళ అనుమానాన్ని ఎక్కడ తొక్కాలో నాకు తెలుసు. ఆవిడ తలాడించి కొంగు బిగించింది.

ఇంక నేను రెచ్చిపోయాను. ఆవిడ వస్తువు అందించడం, నేను విసరడం. పేపర్లు పారేసేవాటిలోకి. గొడుగులు పారేసేవాటిలోకి. ప్రతి వస్తువుకీ ఒక మాట అన్నాను. "ఈ బకెట్టు అడుగు బావతోపాటే పోయింది." "ఈ మందు తాగితే రోగం కాదు, మనిషే పోతాడు." వీధిలో పోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురు అరుగు దగ్గర ఆగారు. వాళ్ళు నవ్వుతుంటే నా గొంతు ఇంకా లేచింది. పక్కింటావిడ ప్రహరీ మీదుగా తొంగిచూసి, "ఆ మూటలన్నీ మీ అక్క ఎందుకు దాచుకుందో నాకిప్పటికీ తెలీదన్నయ్యగారూ" అంది.

"భయంతో దాచుకుందమ్మా. తెలివి లేనిచోట భయమే సామాను" అన్నాను. అందరూ నవ్వారు. మా అక్క లేని ఇంట్లో, మా అక్క గుమ్మంలో నిలబడి, మా అక్క మీద చప్పట్లు కొట్టించుకున్నాను.

సర్దే ఆవిడ ఒక్కతే నవ్వలేదు. "నిదానంగా బాబాయిగారూ" అంటూ అందిస్తోంది.

మధ్యాహ్నానికి బీరువా దగ్గరికి వచ్చాం. కింది అరలో జాకెట్ ముక్కలు దొంతరగా ఉన్నాయి. మన ప్రాంతంలో ఆడవాళ్ళున్న ఏ ఇంట్లోనైనా ఉండే దొంతరే. పేరంటానికి వెళ్తే తాంబూలంతోపాటు ఒక ముక్క చేతిలో పెడతారు. దాన్ని కుట్టించుకోరు. వచ్చే పేరంటంలో ఇంకొకళ్ళకి పెడతారు. ఊరంతా తిరిగి ఆ ముక్క మొదటివాళ్ళ ఇంటికే వచ్చినా ఆశ్చర్యం లేదు. ఆవిడ ఒక్కో ముక్కా వేళ్ళతో నలిపి చూసింది. షాపులో ఉన్న మనిషి, గుడ్డ చూస్తే కాలం చెప్పగలదు.

"ఇవన్నీ పాత టూ బై టూ గుడ్డలండి. పెద్దమ్మగారి భర్త పోయి చాలా ఏళ్ళయిందా?"

"ఎలా తెలుసు?"

"ఇట్లాంటి వాళ్ళ బీరువాలో ఒక కాలం దాకా ముక్కలుంటాయండి. ఆ తర్వాత ఒక్కటీ ఉండదు. భర్త లేని మనిషికి పేరంటంలో ఎవరు పెడతారు?" దొంతర అడుగు నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. లోపల ఆకుపచ్చ ముక్క ఉంది. మడత కొసన పసుపు రాసిన గుర్తుంది. "ఇదొక్కటే తర్వాతదండి. పాప్లిన్. కవర్లో పెట్టి వేరుగా దాచారు. ఇది మాత్రం ఆవిడ వచ్చేదాకా ఉంచుదాం బాబాయిగారూ."

నాకు ప్రసంగం తన్నుకొచ్చింది. ఇంత చక్కటి సందర్భం దొరికాక ఎలా ఊరుకుంటాను?

ఆవిడ చేతిలోంచి కవరు తీసుకుని చించాను. దొంతరంతా పారేసే దుప్పట్లోకి తోశాను. ఎలకలు తిరిగిన అర, నల్లగా పెంటికలు అతుక్కుని ఉన్నాయి. చేతిలో ఉన్న ఆకుపచ్చ గుడ్డతోనే అర తుడవడం మొదలుపెట్టాను. తుడుస్తూ చెప్పాను.

"ఈ దురాచారం మీద నేను చేసిన యుద్ధం నీకు తెలీదు. ఇరవై ఏళ్ళ కిందట బాపట్లలో పెద్ద సభ పెట్టాం. భర్త పోయిన ఆడవాళ్ళని వేదిక మీదకి పిలిచి, అందరి ఎదుటా పసుపూ కుంకుమా జాకెట్ ముక్కా ఇప్పించాను. మొదట ఎవర్ని పిలిచానో తెలుసా? మా అక్కనే. రానని ఏడ్చింది. నేనే చెయ్యి పట్టుకుని ఎక్కించాను. ఒక పండితుడు లేచి అడిగాడు, పసుపు వట్టి దుంపే అని మీరే అంటారు కదా, మరి ఆవిడకి పెట్టడం దేనికండీ అని. నేనేమన్నానో తెలుసా? మీరు లాక్కున్నారు గనక మేం తిరిగిస్తున్నాం, లాక్కోకపోయి ఉంటే ఇది గుడ్డ మాత్రమే అన్నాను. సభ దద్దరిల్లింది."

ఆవిడ నా చేతిలోని గుడ్డవైపు చూస్తూ అడిగింది. "ఏ రంగు గుడ్డ పెట్టారండి?"

"రంగు ఎవరికి గుర్తు? కార్యకర్తలు కొనుక్కొచ్చారు."

ఆవిడ దగ్గరికొచ్చి నా చేతిలోంచి ఆ గుడ్డ తీసుకుంది. నల్లగా అయిపోయిన దాన్ని విప్పి, పసుపు గుర్తున్న కొసని వేళ్ళతో పట్టుకుని నాకు చూపించింది. ఆ తర్వాత దొడ్లోకి వెళ్ళి కుళాయి కింద ఉతకడం మొదలుపెట్టింది. నేను బీరువా ముందే కూర్చుండిపోయాను. కూర్చుని కూడా ఏం ఆలోచించానో చెబితే మీరు అసహ్యించుకుంటారు. రాయాలి కాబట్టి రాస్తున్నాను. అక్కకి ఏం చెప్పి తప్పించుకోవాలా అని ఆలోచించాను.

ఆలోచన పూర్తి కాలేదు. సాయంత్రం బస్సుకే అక్క దిగింది. మా పిన్ని కూతురు శుభ్రంగా ఉండి, ఎదురొచ్చి కాఫీ ఇచ్చిందట. అక్కకి అబద్ధం అక్కడే తెలిసిపోయింది; వాళ్ళు వదలక ఆ రాత్రికి ఉండిపోయిందట.

సంచి అరుగు మీద పెట్టి లోపలికి వచ్చింది. కొట్టడానికి వస్తుందేమో అనుకున్నాను. రెండు గదులూ తిరిగింది. మంచం బయటపడింది. కిటికీ తెరుచుకుంది. నేల కనిపిస్తోంది. మంచం మీద కూర్చుని అరచేత్తో పరుపు నొక్కి చూసింది.

"బాగుందిరా" అంది. నిజంగానే అంది. "ఇంత చోటుందని నేనే మర్చిపోయాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. "చూశావా? నేను చెబితే విన్నావా?"

అక్క లేచి బీరువా తెరిచింది. కింది అరలో చెయ్యి పెట్టి తడిమింది. చాలాసేపు తడిమింది. అర ఖాళీగా ఉందని కళ్ళకి కనబడుతూనే ఉంది.

"ఆకుపచ్చ ముక్క ఏదిరా?"

"పాతవన్నీ తీసేశాం అక్కా. ఎలకలు..."

"పాతవి పోనీ. కవర్లోది."

సర్దే ఆవిడ దొడ్లోంచి తడిగుడ్డ తెచ్చి రెండు చేతులతో అక్కకి ఇచ్చింది. మరక పోలేదు. "తప్పు నాది కూడానండి పెద్దమ్మగారూ. మీరు లేకుండా మొదలుపెట్టాను" అంది.

"నువ్వేం చేశావమ్మా? దుప్పటేగా నీది" అంది అక్క. ఆ మాట ఆవిడ నియమం గురించి విని అన్నది కాదు. దుప్పట్లు చూసి అన్నది. నేను తల దించుకున్నాను. అక్క నావైపు తిరిగింది.

"ఇది నువ్విచ్చిందేరా. స్టేజీ మీద."

"తెలిసిందక్కా. ఇందాకే..."

"తర్వాత కుట్టించుకుందామనుకున్నాను. కుట్టిస్తే చిరిగిపోతుందిగా. ఇంకోటి ఎవరైనా ఇస్తే దీన్ని కుట్టించుకోవచ్చులే అనుకున్నాను. ఇంకోటి రాలేదు."

"ఊళ్ళోవాళ్ళ మూఢత్వానికి నేనేం..."

"ఊళ్ళోవాళ్ళు సరే. మీ ఇంట్లో ఏటా శ్రావణ శుక్రవారం పేరంటం చేస్తుందిగా మీ ఆవిడ? రెండుసార్లు అప్పుడే వచ్చాను. రెండుసార్లూ నన్ను వెనక గదిలో కూర్చోబెట్టి, బయటికి రావద్దొదినా, అందరూ ఉన్నారు అంది. కిటికీలోంచి చూశాను. నువ్వు ముందు వరండాలో పేపరు చదువుతున్నావు. వచ్చే వాళ్ళకి కుర్చీలు కూడా చూపించావు."

మా ఆవిడ నమ్మకాలు ఆవిడవి, ఇంట్లో నేను ఎవరినీ బలవంతపెట్టను అని నేను చాలాచోట్ల గొప్పగా చెప్పుకున్నాను. ఆ జవాబు నోటిదాకా వచ్చింది. అది వదినా మరదళ్ళ సంగతి అని ఇంకో జవాబు వచ్చింది. వాదనలో ఓడిపోని మనిషికి జవాబులు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. రెండూ మింగాను.

"అందుకే మీ ఇంటికి రాననేదాన్ని" అంది అక్క. "అడిగావుగా ఏం తక్కువైందని. ఏం తక్కువ కాలేదు. ఇరవై ఏళ్ళకి ఒక ముక్క ఇచ్చావు. నాకిచ్చావో, ఫోటోవాడి కోసం ఇచ్చావో."

"క్షమించక్కా."

"ఎందుకురా? ఇల్లు ఖాళీ చేశావుగా. నువ్వు చెప్పినట్టే అయింది. ఇంక నేను తెనాలి రానక్కర్లేదు. అంతేనా, కాదా?"

"అంతే."

"అయితే రైలుకి టైమవుతోంది, వెళ్ళు. ఈ అమ్మాయిని ఉండనీ. పొద్దున్నే ఆ దుప్పట్లు మళ్ళీ విప్పి, నా చేత్తో నేను చూసుకుంటాను."

నేను బయటికి వస్తుంటే సర్దే ఆవిడ గుమ్మం దాకా వచ్చింది. నన్ను ఓదార్చడానికనుకున్నాను. తలుపు వెయ్యడానికి వచ్చింది.

ఇప్పటికి ఏడాది కావస్తోంది. అక్క ఆ ఇంట్లోనే మంచం మీద పడుకుంటోంది. సర్దే ఆవిడ నెలకొకసారి వెళ్తుంది. పని ఏమీ లేకపోయినా వెళ్తుంది. నేనూ వెళ్తాను. నాకు అరుగు దాకానే. అక్క పొమ్మనలేదు, లోపలికి రమ్మనీ అనలేదు. "కూర్చో" అని కుర్చీ బయట వేస్తుంది. శ్రావణమాసంలో మా ఆవిడతో ఒకసారి గట్టిగా మాట్లాడాను. ఆవిడ ఒక జాకెట్ ముక్క, పసుపూ కుంకుమా పొట్లం కట్టి ఇచ్చింది. పట్టుకెళ్ళి అక్క ముందు పెట్టాను. అక్క పొట్లం విప్పకుండానే అడిగింది.

"మీ ఇంట్లో పేరంటానికి పిలిచి, అందరితోపాటు కూర్చోబెట్టి ఇస్తుందా?"

నేను నసిగాను.

"అయితే తీసుకెళ్ళరా. ఇల్లు ఇప్పుడే ఖాళీ అయింది. మళ్ళీ సామాను పెంచడం దేనికి?"

మొన్న వెళ్ళినప్పుడు సర్దే ఆవిడ కూడా అక్కడే ఉంది. ఇద్దరూ లోపల ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. నేను అరుగు మీద కూర్చున్నాను. కాసేపటికి అక్క పొయ్యి మీది టీ గిన్నె అట్లాగే పట్టుకుని బయటికి వచ్చింది, నా ముందే గ్లాసులో పోయడానికి. గిన్నె అంచు కాలకుండా మసిగుడ్డతో పట్టుకుంది. ఆకుపచ్చ గుడ్డ. నాలుగు మడతలు వేసి ఉంది. అంచుల్లో కాలి నల్లబడింది. ఒక కొసన పసుపు ఇంకా తెలుస్తూనే ఉంది.

నేను దానివైపే చూస్తున్నానని అక్క గమనించింది. గ్లాసు నిండేదాకా పోసి, ఒలికిన చుక్కని ఆ గుడ్డతోనే తుడిచింది.

"రోజూ వాడుతున్నానురా" అంది.